అమ్మాయి కోర్టు మెట్లెక్కితే...

2025 మే నెలాఖరులో ఒక ఆదివారం మా అక్కా బావగారూ, వాళ్ల అమ్మాయీ మా ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక బావగారు పేపరు మడతపెట్టి నా ముందు పెట్టి, "నువ్వు లా చదివినదానివి, నువ్వే చెప్పమ్మా. ఇందులో రాసింది నిజమేనా?" అన్నారు.

నిజమే. ఆ నెల 20వ తేదీన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే ఇక మీదట లా పట్టా ఒక్కటే చాలదు, కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలి. ఇది బొత్తిగా కొత్త నిబంధనేం కాదు. 1993లో పెట్టారు, 2002లో తీసేశారు, 2025లో మళ్లీ తెచ్చారు. పుస్తకం చదివి పరీక్ష పాసై నేరుగా కుర్చీలో కూర్చున్నవాళ్లకు కోర్టు నడిచే తీరు తెలియడం లేదన్నది కారణం. ఆ కారణంలో న్యాయం లేదని నేననను.

కానీ మా బావగారి బాధ వేరు. అమ్మాయి డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి, మూడేళ్ల ఎల్‌ఎల్‌.బి. చదివి, ఆఖరి పరీక్షలు రాసి కూర్చుంది. ఆయన లా చదువుకు ఒప్పుకున్నదే "జడ్జి పరీక్ష రాస్తుంది, గవర్నమెంటు ఉద్యోగం వస్తుంది" అన్న ఒక్క మాట మీద. ఇప్పుడా మాటకు మూడేళ్లు అడ్డం వచ్చి పడ్డాయి. "అంటే నా కూతుర్ని ఇప్పుడు కోర్టు మెట్లెక్కించమంటారా? నల్లకోటు వేసుకుని ఆ చెట్ల కింద, ఆ జనంలో తిరగమంటారా? జీతం ఉండదు, నాతం ఉండదు. మూడేళ్లయ్యాక దాని పెళ్లెప్పుడు?" అన్నారు. అక్క మాట్లాడలేదు. అమ్మాయి నా వైపు చూసింది.

మన భాషలోనే ఉంది చూడండి ఆ తంటా. "కోర్టు మెట్లెక్కడం" అంటే మనకు పరువు పోవడం. మగవాడు ఎక్కితే ఆస్తి తగాదా అనుకుంటారు, ఆడది ఎక్కితే కాపురం చెడిందనుకుంటారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని సామెత కూడా చెప్పుకున్నాం. అలాంటి చోటికి ఆడపిల్ల రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి వెళ్తానంటే మా బావగారి లాంటి మంచి మనిషికి కూడా గుండె జారుతుంది. ఆయన చెడ్డవాడు కాడు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఊళ్లో ఎంతమంది ఆడపిల్లల తండ్రులకు నచ్చజెప్పి బడి మాన్పించకుండా ఆపారో నాకు తెలుసు.

ఆయన నన్ను అడగడానికి ఇంకో కారణం ఉంది. ఈ పేజీలో వారం వారం నా రాతలు చదివే మీలో చాలామందికి తెలియదు గానీ, నేనూ ఒకప్పుడు ఆ నల్లకోటు వేసుకున్నదాన్నే. 1994లో సన్నదు తీసుకున్నాను. 1998లో వదిలేశాను. "నువ్వే వదిలేసి వచ్చావు కదమ్మా!" అన్నది ఆయన ప్రశ్నలో పైకి అనని సగం. దానికి జవాబు చెప్పకుండా నేను అమ్మాయికి సలహా చెప్పడం ధర్మం కాదు. అందుకే ఈ వారం ఈ సంగతి.

మా జిల్లా కోర్టులో నేను చేరినప్పుడు బార్ రూములో ఆడవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి. నా సీనియరు సివిల్ కేసుల్లో పేరున్న మనిషి, పెద్దమనిషి. మొదటి ఆరు నెలలు నాకు ఆయన ఇచ్చిన పని కట్టలు మొయ్యడం, వాయిదాలు తీసుకోవడం. బంట్రోతు కేసు పిలవగానే లేచి "మా సీనియరుగారు పై కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇప్పించండి" అని చెప్పడానికి కాళ్లు వణికేవి. డబ్బు ఊసే లేదు. దసరాకు ఒకసారి 500 రూపాయల కవరు చేతిలో పెట్టి "పసుపు కుంకుమలకు ఉంచమ్మా" అన్నారు. నాతోపాటు చేరిన కుర్రాడికి నెలనెలా పెట్రోలు ఖర్చులు ఇస్తున్నారని తర్వాత గుమాస్తా చెప్పాడు. అదేమని అడిగితే, "అతనికి సంసారం ఉంది కదమ్మా, నీకేం, మీ ఆయన ఉద్యోగం చేస్తున్నాడు" అన్నారు. ఆయన దృష్టిలో అది అన్యాయం కాదు, లోకరీతి.

మరుగుదొడ్డి సంగతి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఆడవాళ్లకని ఒక గది ఉండేది, దానికెప్పుడూ తాళం, తాళంచెవి ఎవరో అటెండరు దగ్గర. అతన్ని వెతికి, అడిగి, తెచ్చుకుని... ఆ పని పడకుండా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగడం మానేసేవాళ్లం. దాని ఫలితంగా నాకు వచ్చిన జబ్బుకు వైద్యం కూడా చేయించుకున్నాను. ముప్పై ఏళ్ల కిందటి మాట కదా అంటారేమో. దేశంలో అన్ని కోర్టుల్లోనూ ఆడవాళ్లకూ మగవాళ్లకూ వికలాంగులకూ ట్రాన్స్‌జెండర్లకూ వేర్వేరుగా మరుగుదొడ్లు ఉండేలా చూడాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2025 జనవరిలో. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఏడేళ్లకు! న్యాయస్థానాన్నే ఇంకో న్యాయస్థానం ఆజ్ఞాపించాల్సిన పని అది.

అన్నీ చేదు జ్ఞాపకాలే కావు. రెండో ఏడు మా ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. భర్త వదిలేశాడు, ఇద్దరు పిల్లలు, మనోవర్తి కావాలి. సీనియరుగారి ముందు కూర్చుని అడిగినవాటికి తలూపింది. "మీ ఆయన ఏం చేస్తాడు?" "తెలీదండి." "ఎంత సంపాదిస్తాడు?" "తెలీదండి." "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" "లేదండి." సీనియరుగారు పిటిషను డిక్టేట్ చేశారు. ఆవిడను టైపిస్టు దగ్గరికి నేను తీసుకెళ్లాను. స్టాంపు వెండరు రేకుల షెడ్డు పక్కన వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. టైపు అయ్యేలోపు ఆవిడ నోరు విప్పింది. ఆయన ఎవరితో ఉంటున్నాడు, తనను ఏమేం అన్నాడు, ఎక్కడెక్కడ కొట్టాడు... మగ వకీలు ముందు ఆ మాటలు ఎలా చెబుతుంది? చెప్పీ చెప్పీ, ఆయన చిట్టీలు కడుతున్న పుస్తకం ఒకటి తన ట్రంకుపెట్టెలో ఉండిపోయిందనీ, అది అడగడానికి నెల కిందట మనిషిని పంపాడనీ అంది. ఆవిడకు అదో పనికిరాని పుస్తకం! తర్వాత వాయిదాలో ఆ భర్త బోనెక్కి "నాకు సంపాదన లేదు, మా అన్న ఇంట్లో తింటున్నాను" అని ప్రమాణం చేసి చెప్పాడు. సీనియరుగారు చిట్టీ పుస్తకం తీసి నెలనెలా కట్టిన వాయిదాలు ఒక్కొక్కటీ చదివించారు. కేసు అక్కడే తేలిపోయింది.

ఆ రోజుల్లో ఆ 125వ సెక్షను కింద మనిషికి నెలకు 500 రూపాయలు మించి ఇవ్వడానికి లేదు. ఆ పరిమితిని 2001లో తీసేశారు. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో ఆ సెక్షను నంబరే 144 అయింది, ప్లీడరు గుమాస్తాలు మాత్రం ఇంకా "వన్ ట్వంటీ ఫైవ్" అనే అంటారు. ఆవిడకు వచ్చింది కొద్ది డబ్బే. కానీ ఆ పుస్తకం సంగతి ఆవిడ చెప్పింది నాకు, నాకు మాత్రమే. ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ, ఈ వృత్తిలో నా అవసరం ఉందని మొదటిసారి అనిపించింది.

నాకంటే వందేళ్ల ముందు ఈ సంగతి కనిపెట్టిన మనిషి కార్నీలియా సొరాబ్జీ. 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసింది. ఆడదానికి పట్టా ఇవ్వమన్నారు, 1922 దాకా ఇవ్వలేదు. ఇక్కడికొస్తే వకీలుగా చేర్చుకోలేదు. జమీందారీల్లో పరదా చాటున ఉండే స్త్రీలు తమ ఆస్తులు ఎవరు కాజేస్తున్నారో మగ వకీలుకు చెప్పుకోలేకపోతున్నారని ఆవిడ పోరితే, 1904లో బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆ స్త్రీలకు సలహాదారుగా నియమించారు. సలహా చెప్పొచ్చు, కోర్టులో వాదించకూడదు! రెజీనా గుహ 1916లో కలకత్తా హైకోర్టునూ, సుధాంశుబాల హజ్రా 1921లో పాట్నా హైకోర్టునూ అడిగితే, చట్టంలో ఉన్న "వ్యక్తి" అన్న మాటలో స్త్రీ లేదని కాదన్నారు. 1923లో ప్రత్యేకంగా చట్టం చేస్తే గాని ఆ తలుపు దేశమంతటా తెరుచుకోలేదు.

మన దుర్గాబాయమ్మ సంగతి మీకు తెలిసిందే. చిన్నప్పుడు చేసిన పెళ్లిని కాదని బయటికొచ్చి, ఉద్యమంలో జైళ్లకు వెళ్లి, ఆ తర్వాత చదువు అందుకుని 1942లో లా పట్టా పుచ్చుకుని మద్రాసులో ప్రాక్టీసు పెట్టింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి మనకూ అవి కావాలని మొదట అడిగింది ఆవిడే. ఆ చట్టం 1984లో గాని రాలేదు, అప్పటికి ఆవిడ లేదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి 1978లో వచ్చారు. విశాఖపట్నంలో పుట్టిన జస్టిస్ రోహిణి 2014లో ఢిల్లీ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2021లో తెలంగాణ హైకోర్టుకు జస్టిస్ హిమా కోహ్లి. ఈ పేర్లు చదివి "చూశారా, ఆడవాళ్లు ఎంత ఎత్తుకు వెళ్లారో" అని సంతోషించి ఊరుకుంటాం. నాకు మాత్రం ఇంకో లెక్క కనిపిస్తుంది. హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎక్కువమందిని తీసుకునేది బారు నుంచే. ఇరవై ఏళ్లు, పాతికేళ్లు ఆ నల్లకోటుతో నిలబడ్డవాళ్ల నుంచే. లా కాలేజీ తరగతి గదిలో ఇవాళ సగం మంది ఆడపిల్లలే కనిపిస్తారు. నమోదైన న్యాయవాదుల్లో స్త్రీలు 2022 నాటి లెక్కల్లో సుమారు 15 శాతం. తరగతి గదికీ బార్ రూముకూ మధ్య మిగిలినవాళ్లు ఎక్కడ దిగిపోతున్నారు?

నేను దిగిపోయిన స్టేషను చెబుతాను. నాలుగో ఏడు నాకంటూ పది పన్నెండు కేసులు వచ్చాయి. బెంచి క్లర్కులు పేరు పెట్టి పిలుస్తున్నారు. చిన్న కోర్టు జడ్జిగారు ఒకసారి నా వాదన విని "బాగా తయారయ్యారు" అన్నారు. ఆ వేసవిలో మా వారికి ట్రాన్స్‌ఫరయింది, మూడు జిల్లాల అవతలికి. టీచరైతే స్పౌజ్ కోటాలో బదిలీ అడగొచ్చు, బ్యాంకైతే ఇంకో బ్రాంచి అడగొచ్చు. ప్రాక్టీసుకు బదిలీ లేదు! నా పన్నెండు కేసులూ ఆ ఊళ్లోనే ఉంటాయి, నన్ను నమ్మిన కక్షిదారులు ఆ ఊళ్లోనే ఉంటారు, నేను పేరు సంపాదించుకున్న గుమ్మం ఆ ఊళ్లోనే ఉంటుంది. కొత్త ఊళ్లో మళ్లీ పాస్ ఓవర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. కడుపులో బిడ్డ. ఒకరైనా "నువ్విక్కడే ఉండు, ప్రాక్టీసు చేసుకో, రెండేళ్లు ఎలాగో సర్దుకుందాం" అనలేదు. నేనూ అనుకోలేదు. కట్టలన్నీ సీనియరుగారికి అప్పజెప్పి, కొన్నాళ్లకు పత్రికలో చేరాను. నెల జీతం తీసుకునే పూర్తికాలం ఉద్యోగి వకీలుగా ప్రాక్టీసు చెయ్యకూడదు, కాబట్టి సన్నదు సస్పెండు చేయించుకున్నాను. వృత్తి కష్టమై వదిలేశానని అందరికీ చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. కష్టం అప్పటికి తీరింది, ఫలం వచ్చే వేళకు వచ్చేశాను. ఆ మాట బావగారితో ఆ రోజే మొదటిసారి అన్నాను. మా వారు కూడా అక్కడే ఉన్నారు. లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చుకున్నారు.

ఇక డబ్బు మాట. తల్లిదండ్రులు అడిగే ప్రశ్న అదే, అడగడం తప్పు కాదు. మా బావగారు కొడుకును అమెరికా పంపడానికి ఇంటి మీద అప్పు తెచ్చారు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు, అది పెట్టుబడి. అదే కూతురికి మూడేళ్లు నెలకు ఆరేడు వేలు బస్సు ఛార్జీలకూ పుస్తకాలకూ ఇవ్వడం మాత్రం "కూర్చోబెట్టి మేపడం"! ఆ మూడేళ్లూ పిల్ల ఖాళీగా ఉండదే! పొద్దున సీనియరు ఆఫీసు, పగలంతా కోర్టు, సాయంత్రం మళ్లీ ఆఫీసు. డాక్టరు చదివినవాళ్లకు హౌస్ సర్జన్ ఎలాగో ఇదీ అలాగే. కాకపోతే అక్కడ స్టైపెండ్ ఉంది. ఇక్కడ జూనియర్లకు పట్నాల్లో 20,000, పల్లెటూళ్లలో 15,000 ఇవ్వడం మంచిదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సీనియర్లకు సూచన చేసింది. సూచనే, శాసనం కాదు. ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో అడిగే నాథుడు లేడు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్లకు నెలకు 5,000 చొప్పున మూడేళ్లు ఇచ్చే పథకం ఒకటి మొదలైంది. ప్రభుత్వాలను బట్టి మారే పథకాల మీద ఒక వృత్తి నిలబడదు. జూనియరు కాగితాలు మోసి, పరిశోధన చేసి, వాయిదాలు చూసి పెడుతుంటే, ఆ పనికి ధర కట్టాల్సింది ఫీజు తీసుకుంటున్న సీనియరే. పసుపు కుంకుమల కవరు చాలదు.

ఒక ఊరట మాత్రం వచ్చింది. ఒకప్పుడు సన్నదు తీసుకోవడానికే రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు కట్టించుకునేవి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు దానికి పగ్గం వేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకైతే 125, అంతకు మించి నమోదు రుసుము తీసుకోకూడదంది. కూలి చేసి ఆడపిల్లను లా చదివించిన ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు.

ఉత్తరాల్లో చాలామంది అడుగుతుంటారు కాబట్టి దారి కూడా చెబుతాను. ఇంటర్ తర్వాతైతే అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లది. రెంటికీ లాసెట్ ఉంది. గరిష్ఠ వయోపరిమితి లేదు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక చదివే తల్లులు కూడా ఉన్నారు. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్లో నమోదు, ఆ పైన ఆలిండియా బార్ పరీక్ష. జడ్జి పరీక్షకు కావలసిన మూడేళ్లను తాత్కాలిక నమోదు రోజు నుంచే లెక్కిస్తారని 2025 తీర్పులోనే ఉంది. కాబట్టి పట్టా చేతికి రాగానే నమోదు చేయించుకోవడం మేలు, బార్ పరీక్ష ఫలితం కోసం కూర్చోవద్దు. పదేళ్ల అనుభవం ఉన్న వకీలు ఇచ్చే ధ్రువపత్రం మీద న్యాయాధికారి సంతకం కూడా కావాలి గనుక, పేరుకు సన్నదు తీసుకుని ఇంట్లో కోచింగ్ పుస్తకాలు చదువుకుంటామంటే కుదరదు.

సీనియరును ఎంచుకోవడం పెళ్లి సంబంధం చూడటం లాంటిదే. ఆయన ఎంత పెద్ద పేరున్నవాడని కాదు, ఇంతకు ముందు ఆయన దగ్గర పనిచేసిన ఆడపిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి. వాళ్లు సొంతంగా నిలబడితే ఆ ఆఫీసు మంచిది. ఒక్కరూ మిగలకపోతే ఎందుకో అడగండి. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి గానీ, జూనియరు సీనియరుకు ఉద్యోగి కాదు కాబట్టి ఫిర్యాదు ఎవరికి చెయ్యాలన్నది ఇప్పటికీ చిక్కుముడే. అందుకే ముందు విచారించుకోవడం పిరికితనం కాదు.

మొదటి రెండేళ్లు కింది కోర్టులోనే ఉండమంటాను. హైకోర్టు హుందాగా ఉంటుంది, నిజమే. కానీ సాక్షిని క్రాస్ చెయ్యడం, దావా వెయ్యడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం, రికార్డు గదిలో పాత కట్ట వెతికించడం, ఇవన్నీ వచ్చేది కింది కోర్టులోనే. ఇప్పుడు వాయిదా తేదీ ఫోనులో కనిపిస్తుంది, మా రోజుల్లోలా బెంచి క్లర్కు టేబుల్ చుట్టూ తిరగక్కర్లేదు. తెలుగులో టైపు నేర్చుకోండి. భూమి కాగితాలు చదవడం నేర్చుకోండి. బ్యాంకులకూ ఇళ్లు కొనుక్కునేవాళ్లకూ లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి లీగల్ ఒపీనియన్ ఇచ్చే పనికి ఎక్కడైనా గిరాకీ ఉంది. ఓపికగా కూర్చుని చదివేవాళ్లకు అది ఇల్లు గడిపే పని. నోటరీకి మగవాళ్లకు సాధారణంగా పదేళ్ల ప్రాక్టీసు అడిగితే ఆడవాళ్లకు ఏడేళ్లు చాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్యానెల్ లాయర్‌గా చేరితే పేదల కేసులు వస్తాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా అక్కడ ఉచితంగా వకీలును ఇవ్వాలని చట్టం. ఈ సంగతి మన పాఠకురాళ్లలోనే ఎంతమందికి తెలుసో! 15100 నంబరుకు ఫోను చేసి అడగొచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. వేపచెట్టు కింద ఆవిడ నాతోనే చెప్పుకుందని గర్వంగా రాశాను. ఆ గర్వంలో ఒక ఉచ్చు ఉంది. ఆడ వకీలంటే మనోవర్తి, విడాకులు, వరకట్నం కేసులకే అని ఒక గీత గీసేస్తారు. పెద్ద ఫీజులుండే సివిల్ దావాలు, కంపెనీ కేసులు, ఆర్బిట్రేషన్లు మగవాళ్లవి, కన్నీళ్ల కేసులు మనవి! నా సీనియరు భూమి దావాల్లో పేరున్నవాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ కట్ట నా చేతికివ్వలేదు. నేనూ అడగలేదు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ వాటా కోసం వేసే పార్టిషన్ దావా కన్నీళ్ల కేసూ అవుతుంది, ఆస్తి కేసూ అవుతుంది. అమ్మాయిలూ, ఆ కట్ట అడిగి తీసుకోండి.

ఇవన్నీ ఆ రోజు ఇంత వరుసగా చెప్పలేదు లెండి. మధ్యలో కాఫీలు, మధ్యలో అక్క కంటతడి, బావగారి ఎదురు ప్రశ్నలు. "పోనీ ఏదైనా కంపెనీలో లీగల్ ఆఫీసరుగా చేరితే? ఏసీ గది, నెల జీతం" అన్నారాయన. చేరొచ్చు, అదీ గౌరవమైన పనే. కానీ జీతానికి చేరితే సన్నదు పక్కన పెట్టాలి, ఆ కాలం ఈ మూడేళ్లలో కలవదు. "జడ్జి కావాలా, వకీలు కావాలా అని దాన్నే అడగండి" అన్నాను. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అమ్మాయి గొంతు సవరించుకుని, "ముందు వకీలుగా చేసి చూస్తాను నాన్నా. తర్వాత పరీక్ష రాయాలనిపిస్తే రాస్తాను. మూడేళ్లు నువ్వు నన్ను సంబంధాల కోసం తొందరపెట్టకపోతే చాలు" అంది.

బావగారు చాలాసేపు ఆలోచించారు. "నెలకు ఎంత కావాలో కాగితం మీద రాసివ్వు" అన్నారు చివరికి. హెడ్మాస్టరు కదా! పెళ్లి సంగతి ఏమీ అనలేదు. అది ఒప్పుకున్నట్టో, వాయిదా వేసినట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆగస్టులో అమ్మాయి నమోదు అయింది. నా పాత కోటు ఇవ్వబోతే దానికి వదులైంది, తెల్ల బ్యాండ్లు మాత్రం తీసుకుంది. వాళ్ల ఊరి కోర్టులోనే, ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక లాయరమ్మ దగ్గర చేరింది. నెలకు కొంత ఇస్తున్నారట, ఎంతని నేనడగలేదు.

చేరిన మూడో వారం రాత్రి ఫోను చేసింది. "పిన్నీ, నేను డ్రాఫ్ట్ చేసిన మొదటి పిటిషను ఇవాళ ఆఫీసువాళ్లు రిటర్న్ చేసేశారు. మేడంగారు చూసి ఏమీ అనలేదు, నవ్వారు. నాకు ఏడుపొచ్చింది" అంది.

"ఏం అభ్యంతరం రాశారు?" అన్నాను.

"వకాల్తా మీద వెల్ఫేర్ స్టాంపు అంటించలేదట."

"రిటర్న్ చేసిన దాంట్లో గడువు ఎంతిచ్చారో చూసుకో. రేపు పదింటికల్లా స్టాంపు కొని, అంటించి, మళ్లీ వెయ్యి" అన్నాను.

"సరే పిన్నీ" అని పెట్టేసింది.